ఫైల్ ఎక్కడికి పోయింది? డెస్క్‌టాప్ కంప్యూటర్ నేర్చుకునేవాళ్లను తికమకపెట్టేవి ఏమిటి, ఎందుకు

విండోస్ 10కు మామూలుగా ఇచ్చే ఉచిత భద్రతా అప్‌డేట్లను మైక్రోసాఫ్ట్ 2025 అక్టోబర్ 14న ఆపేసింది. 2015 జూలైలో వచ్చిన ఆ విండోస్‌తో పదేళ్లు గడిపినవాళ్లు ఇప్పుడు విండోస్ 11కో, మ్యాక్‌కో, లినక్స్‌కో మారుతున్నారు. మారగానే చాలామంది నోట వచ్చే ప్రశ్న ఒకటే: మళ్లీ మొదటి నుంచి నేర్చుకోవాలా?

ఆ ప్రశ్నలో న్యాయం లేకపోలేదు. స్టార్ట్ బటన్ ఎడమ మూల నుంచి ట్యాస్క్‌బార్ మధ్యకు జరిగింది. రైట్ క్లిక్ చేస్తే వచ్చే మెనూ పొట్టిదైపోయి, పాతవి చాలా ఇంకో క్లిక్ వెనక్కి వెళ్లాయి. ఇక్కడ నొక్కు, తర్వాత అక్కడ నొక్కు అని కాగితం మీద రాసుకుని నేర్చుకున్నవాళ్లకు ఆ కాగితం ఇక పెద్దగా పనికిరాదు. అయితే ఫైల్ అంటే ఏమిటి, అది ఎక్కడ ఉంటుంది, సేవ్ చేసినప్పుడు, డిలీట్ చేసినప్పుడు లోపల ఏం జరుగుతుంది అన్నవి మాత్రం ముప్పై ఏళ్లుగా అంతగా మారలేదు. విండోస్‌లో అర్థమైతే మ్యాక్‌లోనూ లినక్స్‌లోనూ పనికొచ్చేవి ఇవే. ఈ వ్యాసం వాటి గురించే. ఏ బటన్ ఎక్కడుందో చెప్పడానికి మించి, తెర మీద కనిపించేదానికీ లోపల జరిగేదానికీ ఎక్కడెక్కడ తేడా వస్తుందో చూద్దాం. కొత్తవాళ్లు తడబడేది ఎక్కువగా ఆ తేడా దగ్గరే.

## ఆపరేటింగ్ సిస్టమ్ నిజంగా చేసే పని

కంప్యూటర్‌లో ప్రాసెసర్, డిస్క్, కీబోర్డ్, తెర, ప్రింటర్ ఉంటాయి. వాటిని వాడుకోవాలని చూసే ప్రోగ్రాములు ఉంటాయి: బ్రౌజర్, వర్డ్, వీడియో ప్లేయర్. ఈ రెండు వర్గాల మధ్య నిలబడి, ఎవరికి ఏది ఎంతసేపు దక్కాలో పంచేదే ఆపరేటింగ్ సిస్టమ్. విండోస్, మ్యాక్‌ఓఎస్, లినక్స్ మూడూ చేసే పని ఇదే. మామూలుగా ఏ ప్రోగ్రామూ డిస్క్‌ను తానే నేరుగా ముట్టుకోదు. ఈ ఫైల్ తెరిచి ఇవ్వు అని ఆపరేటింగ్ సిస్టమ్‌ను అడుగుతుంది. అది హక్కులు చూసుకుని ఇస్తుంది, లేదా కుదరదంటుంది.

ఒక చిన్న పని తీసుకుందాం. మీరు కీబోర్డ్ మీద ఒక అక్షరం నొక్కారు. ఆ కబురు ముందు ఆపరేటింగ్ సిస్టమ్‌కు చేరుతుంది. ఆ క్షణంలో ముందున్న విండో ఏదో చూసి అది ఆ అక్షరాన్ని దానికి అందిస్తుంది. కాబట్టి టైప్ చేస్తున్నా అక్షరాలు పడకపోతే చాలాసార్లు కీబోర్డ్ బాగానే ఉంటుంది. వేరే విండో ఏదో ముందుకొచ్చి మీరు కొట్టినవన్నీ అందుకుంటూ ఉంటుంది. రాయాల్సిన చోట ఒకసారి క్లిక్ చేస్తే సరిపోతుంది.

"నాట్ రెస్పాండింగ్" అనే మాట కూడా ఇక్కడి నుంచే వస్తుంది. విండోస్ ప్రతి విండోకూ ఇలాంటి కబుర్లు పంపుతూ ఉంటుంది. 5 సెకన్ల పాటు ఆ విండో వాటిని అందుకోకపోతే విండోస్ ఆ మాట తగిలిస్తుంది. ప్రోగ్రామ్ చచ్చిపోయిందని దానర్థం కాదు. పెద్ద ఫైల్‌తో కుస్తీ పడుతూ తలెత్తి చూడలేకపోతోందేమో. కాసేపు ఆగితే తేరుకోవచ్చు, తేరుకోకపోవచ్చు కూడా. వెంటనే బలవంతంగా మూసేస్తే మాత్రం సేవ్ చేయని పని పోతుంది.

## తెర మీద బల్ల ఎందుకు వచ్చింది

డెస్క్‌టాప్ (అంటే బల్ల పైభాగం), ఫైల్, ఫోల్డర్, చెత్తబుట్ట. ఇవన్నీ కాగితాల ఆఫీసు నుంచి తెచ్చినవి. డగ్లస్ ఎంగెల్‌బార్ట్ 1968 డిసెంబర్ 9న శాన్ ఫ్రాన్సిస్కోలో మౌస్‌ను అందరి ముందూ వాడి చూపించాడు. జిరాక్స్ కంపెనీ పరిశోధనశాలలో 1973లో ఆల్టో అనే కంప్యూటర్, 1981లో అమ్మకానికి స్టార్ అనే కంప్యూటర్ వచ్చాయి. స్టార్ తెర మీద కాగితాలు, ఫోల్డర్లు, వచ్చే ఉత్తరాల ట్రే కూడా బొమ్మలుగా ఉండేవి. ఆఫీసు గుమాస్తాకు చూడగానే తెలియాలన్నది ఉద్దేశం. 1984లో యాపిల్ మెకింతోష్, 1985లో విండోస్ మొదటి వెర్షన్ అదే దారి పట్టాయి. ఈరోజు మనకు అలవాటైన స్టార్ట్ బటన్, ట్యాస్క్‌బార్ 1995 ఆగస్టు 24న విండోస్ 95తో వచ్చాయి. 2012లో విండోస్ 8 ఆ బటన్‌ను తీసేస్తే గోల గోలైంది. మరుసటి ఏడాది 8.1తో తిరిగి పెట్టారు.

చిక్కేమిటంటే, ఆ బొమ్మ ఎవరికోసం గీశారో వాళ్ల కాలం దాటిపోయింది. ఇనుప బీరువాలో ఫైళ్లు సర్దిన అనుభవం లేనివాళ్లకు, ముఖ్యంగా ఫోన్‌తోనే పెరిగినవాళ్లకు, ఫోల్డర్ బొమ్మ ఏ జ్ఞాపకాన్నీ కదిలించదు. ఫోన్‌లో ఫొటో కావాలంటే ఫొటోల యాప్ తెరుస్తాం, పాట కావాలంటే పాటల యాప్. ఫైల్ ఎక్కడుందో అడగాల్సిన అవసరమే రాదు. డెస్క్‌టాప్ ముందు కూర్చోగానే ఆ ప్రశ్న ఎదురవుతుంది. కాబట్టి ఫోన్‌లో చకచకా అన్నీ చేసే కుర్రవాడు కంప్యూటర్ దగ్గర తడుముకుంటే అది మందబుద్ధి కాదు. రెండు యంత్రాలు రెండు వేర్వేరు లెక్కల మీద నడుస్తున్నాయి, అంతే.

## సేవ్ చేయకముందు మీ పని ఉండేది ఇంకోచోట

ర్యామ్, డిస్క్ రెండూ గిగాబైట్లలోనే కొలుస్తారు కనుక రెంటినీ కలిపేసుకోవడం సులువు. ర్యామ్ పలక లాంటిది: వేగంగా రాయొచ్చు, చెరపొచ్చు, కరెంటు పోతే అంతా తుడిచిపెట్టుకుపోతుంది. డిస్క్ నోటుపుస్తకం: రాయడం కాస్త నెమ్మది, రాసింది మాత్రం ఉంటుంది. మీరు ఉత్తరం టైప్ చేస్తున్నంతసేపూ అది ర్యామ్‌లో ఉంటుంది. సేవ్ నొక్కినప్పుడే డిస్క్ మీదికి ఎక్కుతుంది.

అందువల్ల ఒకే ఉత్తరానికి ఒకే సమయంలో రెండు రూపాలు ఉండొచ్చు. పొద్దున సేవ్ చేసింది డిస్క్ మీద, ఆ తర్వాత మార్చింది ర్యామ్‌లో. ఆ స్థితిలో ఫైల్‌ను మెయిల్‌కు జోడిస్తే వెళ్లేది సాధారణంగా డిస్క్ మీద ఉన్న పాతది. "మార్పులన్నీ చేశాను, వాళ్లకు పాతదే వెళ్లింది" అనే ఫిర్యాదు వెనక ఎక్కువగా ఉండేది ఇదే. కొత్త ప్రోగ్రాములు కొన్ని వాటంతటవే సేవ్ చేస్తుంటాయి, కొన్ని చేయవు. ఏది ఏ రకమో ముందే కనుక్కోవడం మంచిది, ఎందుకంటే వాటంతటవే సేవ్ చేసేవాటితో ఎదురు చిక్కు వస్తుంది: ఊరికే మార్చి చూద్దామని చేసిన మార్పు కూడా నిలిచిపోతుంది.

పెన్‌డ్రైవ్‌ను లాగేసేముందు ఎజెక్ట్ చేయమనడానికీ, అంటే తీసేస్తున్నానని కంప్యూటర్‌కు ముందే చెప్పమనడానికీ, కారణం ఇలాంటిదే. కాపీ పూర్తయిందని తెర చెప్పినా, కొంత డేటా ఇంకా ర్యామ్‌లోనే ఉండి వెనక నెమ్మదిగా రాస్తూ ఉండొచ్చు. విండోస్ 10లో 2018 చివరి వెర్షన్ నుంచి పెన్‌డ్రైవ్‌ల విషయంలో అలా ఆలస్యంగా రాయకుండా డిఫాల్ట్‌గా మార్చారు. మ్యాక్‌లో, లినక్స్‌లో ఎజెక్ట్ చేయకుండా లాగితే ఫైళ్లు పాడయ్యే అవకాశం ఇప్పటికీ ఉంది.

## ఫైల్ వేరు, దాన్ని తెరిచే ప్రోగ్రామ్ వేరు

"నా ఫైల్ వర్డ్‌లో ఉంది" అంటుంటారు. వర్డ్‌లో ఏదీ ఉండదు. ఫైల్ డిస్క్ మీద ఒక ఫోల్డర్‌లో ఉంటుంది, వర్డ్ దాన్ని తెరిచి చూపిస్తుంది. వర్డ్‌ను తీసేసినా ఫైల్ అక్కడే ఉంటుంది, ఫైల్‌ను తీసేసినా వర్డ్ ఉంటుంది. ఈ ఒక్క సంగతి పట్టుబడితే చాలా ముడులు వాటంతటవే విడిపోతాయి.

ఏ ఫైల్‌ను ఏ ప్రోగ్రామ్‌తో తెరవాలో విండోస్ ప్రధానంగా పేరు చివర చుక్క తర్వాత వచ్చే అక్షరాలను చూసి నిర్ణయిస్తుంది. దాన్నే ఎక్స్‌టెన్షన్ అంటారు: డాక్స్, పీడీఎఫ్, జేపీజీ, ఈఎక్స్‌ఈ. దీంట్లో రెండు మెలికలు ఉన్నాయి. ఎక్స్‌టెన్షన్ మార్చినంత మాత్రాన ఫైల్ లోపలిది మారదు. వర్డ్ ఫైల్ పేరు చివర పీడీఎఫ్ అని రాస్తే అది పీడీఎఫ్ అయిపోదు, తెరుచుకోవడం మానేస్తుంది, అంతే. పేరు సరిచేస్తే మళ్లీ తెరుచుకుంటుంది.

రెండో మెలిక ప్రమాదకరమైనది. తనకు తెలిసిన ఎక్స్‌టెన్షన్లను విండోస్ డిఫాల్ట్‌గా దాచేస్తుంది. చూడ్డానికి శుభ్రంగా ఉంటుందని. 2000 మేలో ఐ లవ్ యూ వైరస్ ప్రపంచమంతా పాకడానికి ఇది బాగా పనికొచ్చింది. మెయిల్‌తో వచ్చిన ఆ ఫైల్ పేరు "లవ్ లెటర్ ఫర్ యూ డాట్ టీఎక్స్‌టీ డాట్ వీబీఎస్". చివరి మూడక్షరాలు దాగిపోవడంతో చాలామందికి అది మామూలు టెక్స్ట్ ఫైల్‌లా కనిపించింది. నిజానికది నడిచే ప్రోగ్రామ్. ఎక్స్‌టెన్షన్లు కనిపిస్తే కొత్తవాళ్లు పేరు మార్చబోయి పొరపాటున వాటిని చెరిపేస్తారని దాచడాన్ని సమర్థించేవాళ్లు అంటారు. అదీ జరిగేదే. నాకైతే చూపించడమే మేలనిపిస్తుంది. పేరు పాడైతే సరిచేసుకోవచ్చు, వైరస్ నడిస్తే అంత సులువు కాదు.

ఫైల్‌లా కనిపించి ఫైల్ కానిది ఇంకొకటుంది: షార్ట్‌కట్. విండోస్‌లో బొమ్మ మూలన చిన్న వంకర బాణం గుర్తు ఉంటే అది అసలు ఫైల్ ఎక్కడుందో చెప్పే చిరునామా మాత్రమే. డెస్క్‌టాప్ మీది షార్ట్‌కట్‌ను పెన్‌డ్రైవ్‌లోకి కాపీ చేసుకుని ఇంకో కంప్యూటర్‌లో తెరవబోతే ఏమీ రాదు. ఆ చిరునామాలో అక్కడ ఏమీ లేదు మరి. పెన్‌డ్రైవ్‌లో పడిన ఫైల్ సైజు చూస్తే అప్పుడే పట్టేయొచ్చు. షార్ట్‌కట్లు మామూలుగా కొన్ని కిలోబైట్లే ఉంటాయి.

## చిరునామా చదవడం, లాగి వదలడం

ప్రతి ఫైల్‌కూ పూర్తి చిరునామా ఒకటుంది. దాన్ని పాత్ అంటారు. విండోస్‌లో ఇలా ఉంటుంది: సీ డ్రైవ్, అందులో యూజర్స్ అనే ఫోల్డర్, అందులో మీ పేరున్న ఫోల్డర్, అందులో డాక్యుమెంట్స్, అందులో ఫైల్. డెస్క్‌టాప్ కూడా మీ పేరున్న ఫోల్డర్‌లో ఉండే ఒక మామూలు ఫోల్డరే. తెర మీద దానికి అంత పెద్దపీట వేశారు కనుక అది అన్నిటికన్నా పైనున్నట్టు అనిపిస్తుంది. డ్రైవ్‌లు సీతో ఎందుకు మొదలవుతాయంటే, ఏ, బీ అక్షరాలు ఒకప్పుడు ఫ్లాపీ డ్రైవ్‌లవి. ఫ్లాపీలు పోయినా అక్షరాలు ముందుకు జరగలేదు. మ్యాక్, లినక్స్‌లలో డ్రైవ్ అక్షరాలే లేవు. అన్నీ ఒకే వేరు నుంచి కొమ్మలుగా విడిపోతాయి.

ఇప్పుడు ఒక మామూలు పని చూద్దాం. డౌన్‌లోడ్స్ ఫోల్డర్‌లో ఉన్న దరఖాస్తును మౌస్‌తో లాగి డాక్యుమెంట్స్‌లో వదిలారు. డౌన్‌లోడ్స్‌లో అది మాయమై డాక్యుమెంట్స్‌లో కనిపించింది. అదే దరఖాస్తును లాగి పెన్‌డ్రైవ్‌లో వదిలారు. ఈసారి రెండు చోట్లా ఉంది. ఒకే చేతి కదలికకు రెండు ఫలితాలేమిటని అడగాల్సిందే.

ఒకే డ్రైవ్ లోపలైతే ఫైల్‌ను తరలించడానికి డేటా కదలనక్కర్లేదు, జాబితాలో చిరునామా మార్చి రాస్తే చాలు. ఎంత పెద్ద వీడియో అయినా క్షణంలో అయిపోతుంది. వేరే డ్రైవ్‌కైతే బైట్లన్నీ అక్కడ కొత్తగా రాయాలి, కనుక అసలుదాన్ని ఉంచి నకలు తీస్తుంది. విండోస్, మ్యాక్ రెండూ ఇదే పద్ధతి పాటిస్తాయి. తెలిసినవాళ్లకు ఇది సబబే. తెలియనివాళ్లకు మాత్రం పెన్‌డ్రైవ్‌లోది అసలుదనుకుని కంప్యూటర్‌లోది దిద్దుకుంటూ పోయే ప్రమాదం ఉంది. ఊహించి లాగడం కన్నా కాపీ, కట్, పేస్ట్ వాడితే ఏం జరగబోతోందో ముందే తెలుస్తుంది. ఎక్కడ వదిలామో తెలియకుండా ఏదైనా జారిపోతే కంట్రోల్‌తో పాటు జెడ్ నొక్కి చూడండి. టైపింగ్‌ను వెనక్కి తీసినట్టే ఫైల్ కదలికనూ విండోస్ వెనక్కి తీస్తుంది. ఈ సంగతి ఏళ్లుగా కంప్యూటర్ వాడుతున్నవాళ్లలో కూడా చాలామందికి తెలియదు.

జిప్ ఫైల్, అంటే ఫైళ్లను కుదించి ఒకే మూటగా కట్టినది, విషయం కూడా చిరునామా గొడవే. మెయిల్‌లో వచ్చిన జిప్‌ను డబుల్ క్లిక్ చేస్తే విండోస్ దాన్ని ఫోల్డర్‌లాగే చూపిస్తుంది. అందులోని దరఖాస్తును అక్కడే తెరిస్తే నిజానికి తెరుచుకునేది తాత్కాలిక ఫోల్డర్‌లోకి తీసిన నకలు. దాన్ని నింపి మూసేస్తే జిప్‌లోది ఖాళీగానే ఉండిపోవచ్చు. ముందు ఎక్స్‌ట్రాక్ట్ చేయాలని, అంటే మూట విప్పి ఫైళ్లను మామూలు ఫోల్డర్‌లోకి తీయాలని చెప్పేది అందుకే.

## ఫోల్డర్లు ఇంకా అవసరమా?

వెతికితే దొరుకుతున్నప్పుడు సర్దడం దేనికన్న వాదన ఇప్పుడు బలంగానే ఉంది. స్టార్ట్ మెనూలో పేరులో కొంత టైప్ చేస్తే ఫైల్ వచ్చేస్తుంది. మ్యాక్‌లో స్పాట్‌లైట్ ఫైల్ లోపలి మాటలను కూడా పట్టుకుంటుంది. మెయిళ్లను ఫోల్డర్లలో సర్దడం మనలో చాలామంది ఎప్పుడో మానేశాం, ఏమీ మునిగిపోలేదు. ఫైళ్లకు మాత్రం ఈ చాకిరీ ఎందుకని వాళ్లడుగుతారు.

రెండోవైపు వాళ్ల జవాబు: వెతకాలంటే ఏం వెతకాలో గుర్తుండాలి. పేరు మర్చిపోయినా, "స్కాన్ 0047" లాంటి పేరే ఉన్నా సెర్చ్ పెట్టె పెద్దగా సాయం చేయదు. పైగా ఒక పనికి సంబంధించిన ఇరవై ఫైళ్లను ఒక్కసారిగా ఇంకొకరికి ఇవ్వాలన్నా, బ్యాకప్ తీయాలన్నా ఫోల్డర్‌కు సాటి లేదు. ప్రోగ్రామింగ్ లాంటి పనులైతే ఏ ఫైల్ ఎక్కడుందో కచ్చితంగా చెప్పకుండా మొదలే కావు. ఇద్దరి మాటలోనూ నిజముంది. పేరు బాగా పెట్టే అలవాటున్నవాళ్లకు సెర్చ్ సరిపోతుంది. ఆ అలవాటు లేనివాళ్లను ఫోల్డర్లే కాపాడతాయి, అదీ నాలుగైదుకు మించనంతవరకు.

## క్లౌడ్ వచ్చాక చిరునామా ఎందుకు జారుడైంది

పైన చెప్పిన లెక్కంతా ఫైల్ ఒకచోట ఉంటుందన్న నమ్మకం మీద నడిచింది. క్లౌడ్, అంటే ఇంటర్నెట్ ద్వారా కంపెనీల సర్వర్లలో ఫైళ్లు దాచే ఏర్పాటు, దాన్ని కదిలించింది. విండోస్ 11లో మైక్రోసాఫ్ట్ క్లౌడ్ అయిన వన్‌డ్రైవ్ బ్యాకప్ ఆన్ అయితే డెస్క్‌టాప్, డాక్యుమెంట్స్, పిక్చర్స్ ఫోల్డర్ల చిరునామాయే మారిపోతుంది. అవి మీ పేరున్న ఫోల్డర్ లోపల వన్‌డ్రైవ్ అనే ఫోల్డర్‌లోకి వెళ్తాయి. పాత చిరునామాలో వెతికినవాళ్లకు అక్కడ ఏమీ కనిపించదు. ఫైళ్లు పోలేదు, ఇల్లు మారాయి.

దీనికి తోడు కొన్ని ఫైళ్ల పక్కన చిన్న మేఘం గుర్తు ఉంటుంది. పేరు ఇక్కడ, సరుకు సర్వర్‌లో అని దానర్థం. డబుల్ క్లిక్ చేసినప్పుడు దిగుతుంది. ఇంటర్నెట్ లేకపోతే తెరుచుకోదు.

అన్నిటికన్నా ఎక్కువ దెబ్బతీసేది సింక్‌నూ బ్యాకప్‌నూ ఒకటేననుకోవడం. ఉదాహరణకు ఉచితంగా వచ్చే 5 జీబీ నిండిపోయిందని ఒకామె వెబ్‌సైట్‌లోకి వెళ్లి అక్కడి ఫొటోలు డిలీట్ చేసింది. కంప్యూటర్‌లో ఉన్నాయి కదా అన్నది ఆమె ధీమా. కాసేపటికి కంప్యూటర్‌లోనూ పోయాయి. సింక్ చేసే పని రెండు చోట్లనూ ఒకేలా ఉంచడం, డిలీట్ కూడా అందులో భాగమే. వన్‌డ్రైవ్ రీసైకిల్ బిన్‌లో వ్యక్తిగత ఖాతాలకు అవి 30 రోజులు ఉంటాయి కనుక ఆమె ఫొటోలు తిరిగి వస్తాయి. 31వ రోజు గుర్తొస్తే రావు.

కంపెనీల వైపు వాదన తీసిపారేసేది కాదు. డిస్క్ పాడైనా, ల్యాప్‌టాప్ పోయినా ఫైళ్లు ఉంటాయి. బ్యాకప్ గురించి ఎన్నడూ ఆలోచించనివాళ్లకు ఇది నిజమైన రక్షణ. విమర్శకుల అభ్యంతరం సౌకర్యం మీద కాదు, అడిగీ అడగనట్టు ఆన్ చేసే తీరు మీద. విండోస్ 11 హోమ్‌ను మొదటిసారి సెటప్ చేసేటప్పుడు ఇంటర్నెట్, మైక్రోసాఫ్ట్ ఖాతా రెండూ కావాలంటుంది. డిస్క్‌కు తాళం వేసే ఎన్‌క్రిప్షన్ ఆన్ అయితే దాని రికవరీ కీ కూడా ఆ ఖాతాలోకే చేరుతుంది. మర్చిపోయేవాళ్లకు ఇది వరం. తొందరలో ఏదో మెయిల్ ఐడీతో ఖాతా తెరిచి, పాస్‌వర్డ్ ఎక్కడా రాసుకోనివాళ్లకు ఇదే ఒకరోజు పెద్ద టెన్షన్ అవుతుంది.

## డిలీట్ చేసినా పోనివి, మళ్లీ దొరకనివి

డిలీట్ నొక్కితే ఫైల్ రీసైకిల్ బిన్‌కు చేరుతుంది. అంటే అదే డ్రైవ్‌లో దాగున్న ఇంకో ఫోల్డర్‌లోకి తరలింపు. డిస్క్ నిండిందని ఒక పెద్ద సినిమా ఫైల్ డిలీట్ చేసినా ఖాళీ పెరగకపోవడానికి కారణం ఇదే. బిన్ ఖాళీ చేసినప్పుడే చోటు వస్తుంది. పెన్‌డ్రైవ్ నుంచి డిలీట్ చేసినవి మాత్రం విండోస్‌లో సాధారణంగా బిన్‌లోకి రావు, నేరుగా పోతాయి. షిఫ్ట్ పట్టుకుని డిలీట్ నొక్కినా అంతే.

బిన్ ఖాళీ చేశాక కూడా పాత హార్డ్ డిస్క్‌లలో డేటా వెంటనే చెరగదు. ఈ చోటు ఖాళీ, ఎవరైనా రాసుకోవచ్చు అని గుర్తు పడుతుంది, అంతే. మీద ఇంకేదో రాసేలోపు రికవరీ సాఫ్ట్‌వేర్ దాన్ని బయటికి తీయగలదు. అందుకే ముఖ్యమైనది పోయిందని తెలియగానే ఆ డ్రైవ్ వాడటం ఆపాలంటారు. తిరిగే పళ్లెం లేని కొత్త రకం డిస్క్‌లైన ఎస్‌ఎస్‌డీలలో కథ వేరు. ఖాళీ అని చెప్పిన చోటును డ్రైవే కొంతసేపటికి నిజంగా తుడిచేస్తుంది. ట్రిమ్ అంటారు దీన్ని. వేగానికి అది మంచిదే, పోగొట్టుకున్నవాళ్లకు కాదు.

## లెక్క తప్పినట్టు కనిపించే అంకెలు

1 టీబీ డిస్క్ కొంటే విండోస్ 931 జీబీ అని చూపిస్తుంది. ఎవరూ కాజేయలేదు. తయారీదారు లెక్కలో 1 టీబీ అంటే లక్ష కోట్ల బైట్లు. విండోస్ లెక్కలో 1 జీబీ అంటే 1,024ను మూడుసార్లు గుణించగా వచ్చే 107,37,41,824 బైట్లు. మొదటిదాన్ని రెండోదానితో భాగిస్తే సుమారు 931.3. మ్యాక్ 2009 నుంచి తయారీదారు లెక్కనే వాడుతోంది కనుక అక్కడ అదే డిస్క్ 1 టీబీగా కనిపిస్తుంది.

ఇంకొకటి: పెన్‌డ్రైవ్‌లో 20 జీబీ ఖాళీ ఉంది, 5 జీబీ వీడియో మాత్రం ఎక్కనంటుంది. ఆ పెన్‌డ్రైవ్ ఫ్యాట్32 పద్ధతిలో ఫార్మాట్ అయి ఉంటుంది. అందులో ఒక్కో ఫైల్ గరిష్ఠంగా 4 జీబీకి ఒక బైట్ తక్కువ వరకే ఉండొచ్చు. ఎక్స్‌ఫ్యాట్‌గా మార్చి ఫార్మాట్ చేస్తే సరిపోతుంది. ఫార్మాట్ చేస్తే అందులో ఉన్నవన్నీ పోతాయి కనుక ముందు వాటిని వేరేచోట పెట్టుకోవాలి.

## మూసేయడంలో రకాలు

మ్యాక్‌కు మారినవాళ్లు ముందుగా తడబడేది ఎర్ర బటన్ దగ్గర. విండోస్‌లో ఇంటూ గుర్తు నొక్కితే చాలావరకు ప్రోగ్రామే ముగుస్తుంది. మ్యాక్‌లో ఎర్ర బటన్ ఆ విండోను మాత్రమే మూస్తుంది, చాలా ప్రోగ్రాములు వెనక నడుస్తూనే ఉంటాయి. కింద డాక్‌లో దాని బొమ్మ కింద చుక్క ఉంటే ఇంకా నడుస్తున్నట్టు. పూర్తిగా ముగించాలంటే కమాండ్‌తో పాటు క్యూ నొక్కాలి.

విండోస్‌లో విచిత్రం షట్‌డౌన్ దగ్గరుంది. ట్యాస్క్ మేనేజర్‌లో పెర్ఫార్మెన్స్ విభాగం తెరిస్తే అప్ టైమ్ అని ఒక అంకె కనిపిస్తుంది. రోజూ రాత్రి శ్రద్ధగా షట్‌డౌన్ చేసేవాళ్ల కంప్యూటర్‌లో కూడా అది పన్నెండు రోజులని చూపించొచ్చు. విండోస్ 8తో వచ్చిన ఫాస్ట్ స్టార్టప్ వల్ల అలా జరుగుతుంది. షట్‌డౌన్ నొక్కితే మీ ప్రోగ్రాములు ముగుస్తాయి గానీ, విండోస్ తన కీలక భాగాన్ని ఉన్న స్థితిలోనే డిస్క్ మీద దాచుకుని పొద్దున అక్కడి నుంచే లేస్తుంది. త్వరగా లేవడానికి ఈ ఏర్పాటు. రీస్టార్ట్ నొక్కితే మాత్రం అంతా మొదటి నుంచి మొదలవుతుంది. సపోర్ట్‌కు ఫోన్ చేస్తే "రీస్టార్ట్ చేశారా" అని అడిగేది ఇందుకే. "రాత్రే షట్‌డౌన్ చేశానండీ" అన్నది ఆ ప్రశ్నకు జవాబు కాదు.

## మరి విండోస్ 10 ఉన్నవాళ్ల సంగతి

సపోర్ట్ ఆగిపోయిందంటే కంప్యూటర్ ఆగిపోయిందని కాదు. విండోస్ 10 నడుస్తుంది, ఫైళ్లు తెరుచుకుంటాయి. ఇకపై కొత్తగా బయటపడే భద్రతా లోపాలకు మందు రాదు, అదే తేడా. ఇంట్లో వాడేవాళ్లు నమోదు చేసుకుంటే 2026 అక్టోబర్ 13 వరకు భద్రతా అప్‌డేట్లు ఇస్తామని మైక్రోసాఫ్ట్ ప్రకటించింది.

విండోస్ 11కు మారాలంటే 4 జీబీ ర్యామ్, 64 జీబీ డిస్క్ ఉంటే చాలదు. టీపీఎం 2.0 అనే భద్రతా చిప్, కంప్యూటర్ లేచేటప్పుడు నమ్మదగిన సాఫ్ట్‌వేరే నడిచేలా చూసే సెక్యూర్ బూట్, మైక్రోసాఫ్ట్ జాబితాలో ఉన్న ప్రాసెసర్ కూడా కావాలి. చాలా పాత కంప్యూటర్లు ఆగిపోయేది ఈ చివరి మూడింటి దగ్గరే. పాస్‌వర్డ్‌లను, ఎన్‌క్రిప్షన్ కీలను వైరస్‌ల నుంచి కాపాడాలంటే హార్డ్‌వేర్ సాయం తప్పనిసరన్నది మైక్రోసాఫ్ట్ వాదన. బాగా పనిచేస్తున్న యంత్రాలను చెత్తలోకి నెడుతున్నారన్నది ఎదుటివాళ్ల వాదన. కొన్ని కంప్యూటర్లలో టీపీఎం ఉండీ సెట్టింగుల్లో ఆఫ్ చేసి ఉంటుంది. పనికిరాదని తేల్చుకునేముందు అది చూసుకోవాలి.

మూడో దారి లినక్స్. లినస్ టోర్వాల్డ్స్ 1991లో మొదలుపెట్టిన కెర్నల్ (ఆపరేటింగ్ సిస్టమ్ గుండెకాయ) మీద కట్టిన ఉబుంటు, మింట్ లాంటి లినక్స్ రకాలు ఉచితంగా దొరుకుతాయి. పాత కంప్యూటర్ల మీద కూడా చాలావరకు సాఫీగా నడుస్తాయి. పెన్‌డ్రైవ్ నుంచే నడిపి, డిస్క్ మీద ఏమీ మార్చకుండా చూసుకోవచ్చు. ఎంఎస్ ఆఫీస్, కొన్ని ఆటలు, కొన్ని పాత ప్రింటర్లు, ప్రత్యేకమైన అకౌంటింగ్ సాఫ్ట్‌వేర్ మీద ఆధారపడేవాళ్లకు ఇబ్బందులు వస్తాయి. బ్రౌజర్, మెయిల్, ఉత్తరాలు, వీడియోలతో సరిపెట్టుకునేవాళ్లకు వారంలో అలవాటైపోతుంది.

దేనికి మారినా మారే రోజుకు ముందు చేయాల్సిన పని ఒకటే: మీ పేరున్న ఫోల్డర్ తెరిచి, డెస్క్‌టాప్, డాక్యుమెంట్స్, పిక్చర్స్, డౌన్‌లోడ్స్‌లో ఏమున్నాయో చూసి, మేఘం గుర్తున్నవాటిని ముందు దించుకుని, అన్నిటినీ వేరే డిస్క్‌లోకి కాపీ చేయాలి. ఆ తర్వాత ఆ డిస్క్‌ను ఇంకో కంప్యూటర్‌కు తగిలించి నాలుగైదు ఫైళ్లు తెరిచి చూడాలి. అక్కడ తెరుచుకుంటే అవి నిజంగా కాపీ అయినట్టు.